పచ్చ నైలాను దారం

యమునలో నడపడానికి సెకండ్ హ్యాండ్ జెట్ బోటు కొన్నానని చెబితే ఆఫీసులో అందరూ ముక్కు మూసుకున్నారు. అందరికంటే ముందు నేనే మూసుకోవాల్సింది.

మొదటి ఆదివారం మా ఆవిడను ఎక్కించుకుని ఓఖ్లా దగ్గర నీళ్లలోకి దిగాను. అరగంటకే ఆవిడ కాళ్ల కింద నల్లటి నీరు చేరింది. కుళ్లు కంపు. "ఛీ! ఈ జనానికి బుద్ధుందా? ఉన్న చెత్తంతా ఏట్లోనే పడేస్తారు," అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ వంత పాడాను. ఒడ్డెక్కాక ఒకటే మాట చెప్పింది: "వచ్చే ఆదివారం మళ్లీ ఎక్కుతాను. చుక్క నీరు లోపలికొచ్చిందా, బోటు పాత ఇనుము కొనే కబాడీవాడికే." అన్నంత పనీ చేసే మనిషి. నేను కాకినాడలో పడవల మధ్య పెరిగి, ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఫైళ్ల మధ్య బతుకుతున్నవాణ్ణి. ఆ బోటు నాకు కావాలి.

శనివారం మెకానిక్కును పిలిచి బోటును ట్రాలీ మీదికి ఎక్కించాం. జెట్ బోటు అడుగునున్న ఇనుప ఊచల జాలీలోంచి నీళ్లు పీల్చి వెనక నుంచి చిమ్ముతుంది. జాలీ విప్పి చెయ్యి పెట్టాను. జారుడుగా ఏదో తగిలింది. జుట్టు, గుడ్డ పేలికలు, నల్లటి జిగురు పిడికిళ్లతో లాగాం. వాటి వెనక, పంపు షాఫ్టుకు బిగుసుకుపోయి సన్నటి దారం. షాఫ్టు తిరిగినప్పుడల్లా అది రబ్బరు సీలును కోసేసింది. నీళ్లు వస్తున్నది అక్కణ్ణుంచే.

"సాబ్, యే తో పూజా కా సామాన్ హై," అంటూ మెకానిక్కు దారం కొసన వాడిన పూరేకులు అంటుకున్న కవరు ముక్కను బయటికి లాగాడు. దణ్ణం పెట్టబోయి, తన చేతుల్ని చూసుకుని మానుకున్నాడు.

కవరు మీద తెలుగు అక్షరాలు. ఆర్.కె. పురంలో మేం పచ్చళ్లు కొనే కొట్టుది. దారం పచ్చ నైలానుది. ఢిల్లీలో అరటినార దొరకదని మా ఆవిడ దేవుడి దండలు ఆ దారంతోనే కడుతుంది. వాడిన పూలు చెత్తబుట్టలో వేస్తే పాపమని కవరులో మూటగట్టి నాకిస్తుంది. మొన్న ఆదివారం కూడా బోటు దగ్గరికి వెళ్తూ వంతెన మీద కారాపి, చెత్త వేయకుండా కట్టిన ఇనుప వల చిరిగిన చోటు చూసి నేనే విసిరాను.

నామీద నాకే రోత పుట్టింది. చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు. కొత్త సీలు వేయించాను. ఇంట్లో మాత్రం నోరెత్తలేదు.

మర్నాడు వంతెన రాగానే మా ఆవిడ బ్యాగులోంచి కవరు తీసింది. "ఆపండి."

ఆపలేదు.

"ఏమండీ, దాటిపోతున్నాం!"

"బోటు సీలు కోసింది మన దండ దారమే," అన్నాను.

ఆవిడ కవరు విప్పి లోపలి పచ్చ దారం వంక చూసింది. బోటెక్కి, కవరు ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విప్పి పాదాలు కింద ఆనించి కూర్చుంది. అరగంట తిరిగాం. పాదాలు తడవలేదు. నురగ, కంపు, తేలే కవర్లు ఎప్పటిలాగే ఉన్నాయి. ఈసారి జనాన్ని మాత్రం ఇద్దరం తిట్టలేదు.