సాయిదుర్గ కర్ర రైఫిల్

ముక్తేశ్వరం రేవులో పడవ నడిపే కనకరాజు గారి అమ్మాయి సాయిదుర్గ. అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు. కాలేజీ ఎన్‌సీసీలో సైలెంట్ డ్రిల్ జట్టు కడుతున్నారని విన్న రోజే అందులో ఉండి తీరాలనుకుంది. ఆ జట్టుకు ఎవరూ కేకేసి ఆర్డర్లు ఇవ్వరు. అందరూ ఒక్కసారే రైఫిల్ ఎగరేయాలి, అది గాల్లో ఒక చుట్టు తిరిగి రాగానే ఒకే చప్పుడుతో పట్టుకోవాలి. ఆగస్టు పదిహేనున జిల్లా వేడుకలో ఆ ప్రదర్శన.

అవి పాతకాలపు రైఫిళ్లు. పేలకుండా లోపలి సూది తీసేశారు గానీ బరువు తగ్గలేదు. కవాతు అవగానే గదిలో పెట్టి తాళం వేస్తారు. ఇంటి దగ్గర సాధనకని కనకరాజు గారు విరిగిన తెడ్డొకటి ఆ పొడవుకు కోసి ఇచ్చారు. అది మరీ తేలికైంది. వలకు కట్టే సీసం గుళ్లు దాని రెండు చివరలా చుట్టారు. గుళ్లంటే అంచునే కట్టాలని ఆ ఇంటి చేతులకు అలవాటు. కాటా మీద పెడితే రైఫిలంత తూగింది.

మేం వాళ్ల పక్క వాటాలో ఉంటున్నాం. సాయంత్రం ఆ కర్ర గాల్లోకి లేచిందంటే మా పాపను లోపలికి లాక్కుని గొళ్లెం పెట్టేసేవాణ్ణి. సాయిదుర్గ తల్లి వీరవేణి గారికీ భయమే.

"పేలని తుపాకీ కోసం పళ్లు రాలగొట్టుకుంటావేంటే?"

"రాలితే జావ తాగుతాలే అమ్మా."

కొన్నాళ్లకు కర్ర చెప్పినట్టు వింది. కాలేజీలో అసలు రైఫిల్ మాత్రం వినలేదు. చుట్టున్నర తిరిగి మణికట్టు మీద కొట్టింది. నేర్పించే హవల్దారు ప్రసాద్ గారు నవ్వేశారు.

"ఏమ్మా, గోదాట్లో తెడ్డేస్తున్నావా? శనివారం ఎంపిక. ఇలాగైతే రాకు, ఊరికే శ్రమ."

"వస్తానండీ."

ఆ సాయంత్రం నన్నడిగింది. "బరువు ఒకటే కదండీ, తిరగడంలో తేడా ఏంటండీ?"

బరువు చివరల్లో ఉంటే తిప్పడం కష్టమనీ, రైఫిల్ ఇనుమంతా నడుమ దగ్గరే ఉంటుంది కాబట్టి తేలిగ్గా తిరుగుతుందనీ చెప్పాను.

"అయితే నా చెయ్యి ఎక్కువ బలం నేర్చుకుందన్నమాట" అని అప్పుడే ముడులు విప్పి గుళ్లన్నీ మధ్యకు తెచ్చింది.

కనకరాజు గారు చూసి, "ఇదేంటే, తెడ్డుకి వడ్డాణం పెట్టేవు?" అన్నారు.

నేర్చుకున్నదాన్ని చెయ్యి మరిచిపోవాలి. కాలేజీ నుంచి రాగానే మొదలుపెట్టేది. మణికట్టు వాస్తే తడిగుడ్డ చుట్టుకుని మళ్లీ ఎగరేసేది.

శనివారం నా బండి మీద తీసుకెళ్లి మైదానం పక్కన నిలబడ్డాను. ఆమె వంతు వచ్చింది. కంగారులో పాత బలమే వచ్చేసి రైఫిల్ నేల మీద పడింది. ప్రసాద్ గారు తర్వాతి పేరు పిలిచారు. సాయిదుర్గ రైఫిల్ తీసుకుని అక్కడే నిలబడింది.

"ఇంకోసారి వేస్తానండీ."

"చెయ్యి చూసుకున్నావా, ఎలా వాచిందో?"

"వాచిందండీ. పట్టు పోలేదండీ."

ఆయన తలూపారు. ఈసారి ఒక్క చుట్టే తిరిగి అరచేతిలో ఠప్పున వాలింది. మళ్లీ వెయ్యమన్నారు. వేరే రైఫిల్ ఇచ్చి వెయ్యమన్నారు. అదీ పట్టుకుంది.

"వెనక వరుసలో చివరన నిలబడతావా?"

"ఆయ్, నిలబడతానండీ."

ఇంటికి రాగానే విషయం చెప్పింది. వీరవేణి గారు ఆ మణికట్టు పట్టుకుని చూశారు.

"ఉప్పునీళ్లు కాచేను, చెయ్యి ముంచు. రేపు ఎన్నింటికెళ్లాలి?"