మావారి ఎడమ చెవి

మొన్న రియాద్ మెట్రోలో నా ఎదుటి సీట్లో ఒక సౌదీ అమ్మాయి కూర్చుంది. కాలేజీ వయసు. నల్లటి అబాయా, తెల్లటి బూట్లు, వీపున వయొలిన్ పెట్టె. దాన్ని ఒళ్ళోకి తీసుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులూ చుట్టి, తల వాల్చి కునికిపాట్లు పడింది. బండిలో ఎవరూ ఆమెను వింతగా చూడలేదు. నేనే, దిగాల్సిన స్టేషను దాటిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. వాద్యాలంటే ఇక్కడ ఒప్పుకోని ఆ రోజుల్లో, మా ఇంటి వయొలిన్ ఈ దేశానికి వచ్చినప్పుడు రెండు దుప్పట్లు, నా పాత చీరలు, ఆవకాయ సీసాల మధ్య దాక్కుని వచ్చింది. కస్టమ్స్‌లో అడిగితే ఏం చెప్పాలో మావారు దారంతా బట్టీపట్టారు. తీరా అక్కడ దాని ఊసే ఎత్తలేదు. ఆవకాయ గురించే నిలబెట్టి అడిగారు.

అప్పుడు మేము ఇదే దేశంలో హుఫూఫ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నేను ఆసుపత్రిలో నర్సును, మావారు ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఇంజనీరు. వయొలిన్ మా మామగారిది. రేపల్లె వైపు ఒక చిన్న ఊరి చర్చిలో ఆయన ఉపదేశి. వాన కురిస్తే వాక్యం చెప్పేవారి గొంతు రేకుల చప్పుడులో వినపడేది కాదట, అప్పుడు మామగారు ప్రసంగం ఆపించి ఫిడేలు తీసేవారట. కొడుక్కి ఆస్తి ఏమీ ఇవ్వలేదు కానీ ఆ అలవాటు ఇచ్చారు. మావారికి నోటితో ప్రార్థన చేయడం చేతకాదు. పదిమందిలో ప్రార్థించమంటే రెండు వాక్యాల్లో ముగించేవారు, అందులో ఒకటి ఎండల గురించి ఉండేది. ఆయన ప్రార్థనంతా ఫిడేలు కమానులోనే. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు చాప మీద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి, మోహనంలో ఒక పాత కీర్తన వాయించుకుని గాని గడ్డం గీసుకునేవారు కాదు. నాకు రాగాలు తెలియవు. అది మోహనమని కూడా ఆయన చెబితేనే తెలుసు. ఆ చప్పుడు లేకపోతే ఉప్మాలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు, అంతవరకు తెలుసు.

మాకు ఆదివారం శుక్రవారం నాడు వచ్చేది. సెలవు ఆ రోజే కదా. నాలుగైదు తెలుగు కుటుంబాలు, ఇద్దరు ముగ్గురు మలయాళీ నర్సులు మా ఫ్లాటులో చేరేవాళ్ళం. మా ప్రార్థనలు అక్కడ బాహాటంగా చేయకూడదు కాబట్టి కిటికీలు మూసి, తెరలు దించి, గొంతులు తగ్గించి పాడుకునేవాళ్ళం. విజయగీతాలు కూడా జోలపాటల్లా పాడాల్సివచ్చేది. మా పాత ఏసీ మోత బయటికి పాట వెళ్ళకుండా అడ్డుపడేది కాబట్టి దాన్ని ఎవరూ తిట్టేవారు కాదు. మా అందరిలోకీ పెద్ద నర్సును పెద్దక్క అనేవాళ్ళం. ఆవిడకు మెల్లగా పాడటం రాదు. ఆవిడ గొంతు లేచినప్పుడల్లా మావారు కమానుతోనే తగ్గమని సైగ చేసేవారు.

ఒకరోజు లేస్తూనే, "ఎడమ చెవిలో నీళ్ళు పోయినట్టుంది," అన్నారు. రాత్రి తలంటుకున్న నీళ్ళే అనుకుని గుడ్డ ఇచ్చాను. ఆ శుక్రవారం అందరూ వచ్చి కూర్చున్నాక తీగలు శ్రుతి చేయడం మొదలుపెట్టారు. బిరడా తిప్పారు, మీటారు, మళ్ళీ తిప్పారు. ఎప్పుడూ క్షణంలో అయ్యే పని ఎంతకీ కాలేదు. చివరికి తలెత్తి నా వైపు చూశారు. వార్డులో రిపోర్టు కోసం ఎదురుచూసే మనుషుల కళ్ళలో అలాంటి చూపు చూశాను గాని, మా ఇంట్లో అదే మొదటిసారి.

"ఒక్క తీగ మీటితే రెండు స్వరాలు వినపడుతున్నాయి. కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో ఇంకొకటి. రెండూ కలవటంలేదు," అన్నారు.

మా ఆసుపత్రిలోనే చెవి డాక్టరు, సూడాన్ ఆయన, పరీక్షలన్నీ చేశారు. లోపలి నరం దెబ్బతిందని, వినికిడి చాలావరకు పోయిందని, మిగిలిన కాస్త కూడా స్వరాన్ని వంకరగా పట్టుకుంటోందని చెప్పారు. స్టెరాయిడ్లు ఇచ్చారు. నా వైపు తిరిగి, "సబర్, సిస్టర్, సబర్," అన్నారు. ఓపిక పట్టమని. రోగుల బంధువులకు ఆ మాట నేనూ ఎన్నోసార్లు చెప్పినదాన్నే. అది చెప్పడం ఎంత తేలికో ఆ రోజు తెలిసింది.

మందుల కోర్సు అయిపోయింది, చెవి రాలేదు. మా వాళ్ళందరూ ఉపవాసాలున్నారు. మావారి తల మీద చేతులుంచి ప్రార్థించారు. నేనైతే దేవుడితో బేరాలే ఆడాను: నా చెవి తీసుకో ప్రభువా, నాకెలాగూ మోహనానికీ ఏసీ మోతకూ తేడా తెలియదు, ఆయనది ఆయనకిచ్చెయ్యి అని. ఒక శుక్రవారం, అప్పుడప్పుడు వచ్చే ఒక బ్రదర్ గారు, "విశ్వాసం ఉంటే ఈపాటికి రావలసింది," అన్నారు. పెద్దక్క ఊరుకోలేదు. "విశ్వాసం కొలిచే మిషను ఏ ఆసుపత్రిలో ఉందో చెప్పు బాబూ, రేపే తీసుకెళ్తాను," అంది. అందరూ నవ్వారు. మావారు కూడా నవ్వారు గాని, ఆ మరుసటి వారం నుంచి తలుపు పక్కన వెనక వరసలో కూర్చున్నారు. పాడేటప్పుడు పెదవులు మాత్రం కదిపేవారు.

దూది పెట్టుకుని వాయించి చూశారు. చెవి మూసినా ఎముకల్లోంచి ఆ రెండో స్వరం లోపలికి వచ్చేస్తోందని పక్కన పడేశారు. ఫోను మోగినా రెండు, నా గొంతూ రెండు. "ప్రార్థన చేద్దామని కూర్చుంటే నా గొంతే ఎవడిదో అన్నట్టుంది," అన్నారు ఒకసారి. ఇంటికి వచ్చి కూడా కారు దిగకుండా, ఇంజను ఆపేసి, స్టీరింగు పట్టుకుని కూర్చునేవారు. కిటికీలోంచి చూసేదాన్ని. వెళ్ళి పిలవాలంటే భయం, పిలవకుండా ఉండాలంటే భయం. వయొలిన్ ఊరికి వెళ్ళేవాళ్ళ చేత పంపించెయ్యమన్నారు. "నాతో ఇంకేం పని దానికి?" అన్నారు. ఆ 'నాతో' అన్న తీరు నాకు నచ్చలేదు. మర్నాటి నుంచి ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు అన్నీ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని డ్యూటీకి వెళ్ళేదాన్ని. ఆయన చూశారు. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండునని రోజంతా ఏడ్చాను.

అలాంటి రోజుల్లో ఒక గురువారం సాయంత్రం ఇద్దరు మనుషులు మా తలుపు తట్టారు. మావారి కంపెనీలోనే పనిచేసే జగిత్యాల వైపు వాళ్ళు. వాళ్ళలో పెద్దతని తమ్ముడు ఏసీ మెకానిక్కు. రెండు రోజుల కిందట పనివాళ్ళ క్యాంపులో నిద్రలోనే గుండె ఆగి పోయాడు. శవం మా ఆసుపత్రి మార్చురీలోనే ఉంది. పనిలో పెట్టుకున్న కఫీల్ సంతకాలు, ఎంబసీ కాగితాలు అన్నీ అయితే తప్ప ఇంటికి పంపడానికి ఉండదు. సోఫా అంచున కూర్చుని, టీ గ్లాసు చేతుల్లోనే తిప్పుతూ అన్న చెప్పాడు.

"ఇంటికాడ మా అవ్వ ఫోన్ల ఏడుస్తుంది సారు. ఇక్కడ మాకు ఏడుపే వస్తలేదు. రూముల అందరం ఒకల మొకం ఒకలు సూస్కుంట కూసుంటున్నం. రేపు భజన పెట్టుకుందామనుకున్నం. మీరు ఫిడేలు తెస్తే మంచిగుంటది."

"నాకు చెవి పాడైందయ్యా. వాయిస్తే అంతా అపస్వరమే వస్తుంది. మిమ్మల్ని ఇంకా బాధపెట్టినవాణ్ణవుతాను," అన్నారు మావారు.

"వాడు మీ ఇంట్ల ఏసీ బాగుజేయనీకి అచ్చినప్పుడు మీరు వాయించిండ్రట. పనైనంక మెట్ల మీద కూసోని అంత ఇన్నడట. అప్పటిసంది కూర వండినా బట్టలు పిండినా అదే రాగం తీస్తుండె. మాటల్లేవు, ఉత్త రాగం. ఎప్పుడు గదేనారా అని మేం తిడుతుంటిమి," అన్నాడు అన్న. కాసేపటికి చల్లారిన టీ తాగేసి, "మంచిది సారు, పోయొస్తం," అని వెళ్ళిపోయారు.

మర్నాడు ప్రార్థన అయి అందరూ వెళ్ళాక, అన్నం కలుపుతూ మధ్యలో ఆపి, "పెట్టె ఎక్కడ పెట్టావు?" అని అడిగారు. మంచం కింద నుంచి తీశాను. కారులో బయల్దేరాం. ఖర్జూరపు తోటలు దాటాక, "నా కోసం ప్రార్థన చేసుకోవడం నావల్ల కావడంలేదు. వాళ్ళ కోసం చేసి చూస్తాను," అన్నారు.

మగవాళ్ళుండే క్యాంపు కాబట్టి నేను కారులోనే ఉండి అద్దం దించుకున్నాను. ఎండ తగ్గింది. రేకుల పందిరి కింద చాపలు పరుచుకుని కూర్చున్నారు వాళ్ళు. నీళ్ళ సీసాకు ఆనించిన ఫోనులో చనిపోయిన అబ్బాయి ఫోటో. మావారు కూర్చుని, కుడి చెవి అన్న వైపు తిప్పి, "ఒక్కసారి 'ఆ' అని పట్టు," అన్నారు. అతను సిగ్గుపడుతూ పట్టాడు. దాన్నిబట్టి తీగలు సరిచేసుకుని ఆ కీర్తన ఎత్తుకున్నారు. స్వరాలు తప్పుతున్నాయని రాగాలు తెలియని నాకే తెలిసింది. ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ జారింది. ఇక లేచి వచ్చేస్తారనుకుని కారు తలుపు మీద చెయ్యి వేశాను. అప్పుడు వాళ్ళలో ఎవరో సన్నగా ఆ రాగం అందుకున్నారు. తరవాత ఇంకొకరు. తిట్టుకుంటూ వినీ వినీ అందరికీ వచ్చేసినట్టుంది. మావారు తల వంచి వాళ్ళ గొంతుల వెంట కమాను లాగారు. చరణం సగంలో అన్న, "ఓ తమ్మీ..." అని పెద్దగా అరిచాడు. ఆ అరుపుతో అందరికీ ఏడుపు వచ్చేసింది. మావారు వయొలిన్ పక్కన పెట్టి అతన్ని పట్టుకున్నారు. చాలాసేపటికి వాళ్ళు తేరుకుని, కంచు తాళాలు తీసి తమ భజన మొదలుపెడితే, ఈయన చివరిదాకా అక్కడే కూర్చుని చప్పట్లతో తాళం వేశారు.

తిరిగి వస్తూ, "ఘోరంగా వాయించాను కదూ," అన్నారు.

"అవునండీ," అన్నాను.

నవ్వారు. ఎన్నో నెలల తరవాత విన్న నవ్వు అది. కాస్త దూరం వెళ్ళాక బండి పక్కకు ఆపి, చేతుల్లో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఓదార్చడానికి ఏ వాక్యమూ గుర్తురాలేదు, వెతకనూ లేదు.

అంతటితో అన్నీ బాగుపడ్డాయని చెబితే అబద్ధం. ఆ తరవాత కూడా కారు దిగని సాయంత్రాలున్నాయి. మాత్రలు ఇంకా కొన్నాళ్ళు నా బ్యాగులోనే ఉన్నాయి. కాగితాలు పూర్తయ్యాక అన్న తమ్ముడి శవంతో ఊరికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఒకసారి ఫోను చేసి, అవ్వ బాగానే ఉందని చెప్పాడు. మావారు శుక్రవారాల్లో వెనక వరస నుంచి మళ్ళీ ముందుకు వచ్చారు గాని, పాట నడిపించరు. అందరూ పాడుతుంటే కింద ఒక్క స్వరం పట్టుకుని లాగుతూ ఉంటారు. అది తప్పినప్పుడు హుఫూఫ్‌లో పెద్దక్క దగ్గేది. క్యాంపుల్లో ఎవరైనా పోయారని, ఆసుపత్రిలో ఎవరో ఒంటరిగా ఉన్నారని తెలిస్తే పెట్టె పట్టుకుని వెళ్తారు. స్వస్థత పొందినవాళ్ళను లేచి సాక్ష్యం చెప్పమంటే తల వంచుకుంటారు.

చెవి రాలేదు. మొదట రోజూ పొద్దున లేవగానే తీగ మీటి చూసుకునేవారు, నేను వంటింట్లో పొయ్యి తగ్గించి వినేదాన్ని. తరవాత వారానికోసారి, తరవాత ఎప్పుడైనా. ఆ ఎదురుచూడటం సరిగ్గా ఏ రోజున మానేశామో మా ఇద్దరికీ గుర్తులేదు. కాలం ఆ పనిని మాకు తెలియకుండా, అంత మెల్లగా చేసింది.