మిగిలిన జట్ల వరుస

వెర్నా డోస్టల్‌ని హార్లో ఫెర్రీలో ఎరగనివాళ్ళు లేరు. కానీ ఆట జరుగుతున్నప్పుడు ఆమె ముఖం చూసినవాళ్ళూ లేరు. బేస్‌బాల్ మైదానం చివర నిలబెట్టిన చెక్క స్కోరుబోర్డు లోపల, వెలుతురు చొరని ఇరుకులో, గసగసాలు కూరిన తీపి రొట్టెలు, కొలాచీలు, ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

వేరే ఊళ్ళ ఆటల పరుగులు కూడా ఆ బోర్డు మీద వరుసలుగా కనిపించేవి. ఫోన్లో అంకె రాగానే, ఆ అంకె ఉన్న ఇనుపరేకుని గాడిలోకి వదలాలి. మధ్యలో ఒక అడ్డచెక్క. ఆడే రెండు జట్లలో ఒకదాని అంకె ఇవతల వెర్నా, రెండోదాని అంకె అవతల ఆమె భర్త లుద్విక్ వేసేవాళ్ళు. గాడి మాత్రం ఇద్దరికీ ఒకటే. రేకు పడేటప్పుడు అవతలివాళ్ళ చెయ్యి అందులో ఉంటే వేళ్ళు నుజ్జే. అందుకని వదిలేముందు అడ్డచెక్క మీద రెండుసార్లు తట్టాలి. తట్టు వినగానే చెయ్యి లాగేసుకోవాలి. వాళ్ళిద్దరి కాపురమంతా ఆ తట్టు మీదే నడిచిందంటే తప్పులేదు.

లుద్విక్ శరదృతువులో పోయాడు. ఆ చలికాలమే లీగు పెద్దలకి లెక్కలు సరిచెయ్యాలని బుద్ధి పుట్టింది. తూర్పు లీగులో ఎనిమిది జట్లు, పడమటి లీగులో ఆరు. హార్లో ఫెర్రీ జట్టుని పడమటికి నెట్టి ఏడూ ఏడూ చేశారు. మహా సమానం చేశామని చేతులు దులుపుకున్నారు. ఏడుగురిని జతలు కడితే ఒకరు మిగులుతారని చిన్నపిల్లలకీ తెలుసు. రోజూ అక్కడొకటి, ఇక్కడొకటి జట్టు మిగిలింది. చివరికి ఆ మిగిలిన రెండింటికీ ఆట పెట్టారు. బోర్డులో అన్నిటికన్నా కింది వరుస వాటిది.

వేసవి మొదటి ఆటలో వెర్నా ఆ వరుసలో తనవైపు సున్నా వేసి, గాడిలో వేలుపెట్టి సర్దుతోంది. అవతలివైపు ఎవరూ లేరు.

టక్, టక్.

అలవాటుకొద్దీ చెయ్యి లాక్కుంది. అవతలి రేకు పడింది. మూడు. అప్పుడు ఫోను మోగింది. "తూర్పు జట్టు మూడు పరుగులు," అంది ఫోన్లో గొంతు.

వెర్నా భయపడింది. భయంతోపాటు, సిగ్గు విడిచి చెప్పాలంటే, సంతోషపడింది కూడా.

ఆ తట్టు రోజూ వచ్చేది, ఆ ఒక్క వరుసలోనే. మిగతా వరుసల కోసం ఆమె అటూ ఇటూ పరిగెత్తడం క్లబ్బు మేనేజరు మెర్ల్ కంటపడింది.

"మీరిలా ఉరుకుతుంటే నా గుండె ఆగిపోయేలా ఉంది, మిసెస్ డోస్టల్! ఓరిన్ వస్తాడులెండి."

"నాకెవరూ అక్కర్లేదు."

"నాకు కావాలి. మీకేమన్నా అయితే అంకెలు నేనెయ్యాలా?"

పాల బండి తోలడం మానేసి ఖాళీగా ఉన్న ఓరిన్ వచ్చి లుద్విక్ బల్లమీద కూర్చున్నాడు.

"పద్ధతేమన్నా ఉందా, వెర్నా?"

"ఏముంటుంది? రేకు తియ్యి, వదులు."

తట్టాలని చెప్పలేదు. చెబితే ఏ తట్టు ఎవరిదో ఇంక తెలియదు. ఓరిన్ రేకు వదిలే ప్రతిసారీ ముందు ఎవరో తట్టేవారు, ఇప్పుడు అన్ని వరుసల్లోనూ. ఆమె వేళ్ళు భద్రంగానే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం ఆమె తన రేకు వదలబోతుండగా తట్టు వినిపించింది. ఈసారి అడ్డచెక్కకి అవతల కాదు, ఆమె భుజం పక్కనే. ఆ తట్టు ఎవరికోసమో ఆమెకి అర్థమయ్యేలోపు రేకు చేతిలోంచి జారిపోయింది. గాడిలో చెయ్యి ఉన్న ఓరిన్ కేకపెట్టాడు.

"చెక్క మీద ఎవరో కొట్టారే!" అన్నాడు ఆస్పత్రిలో, వేళ్ళకి కట్టుతో. "ఎవరా అని తిరిగి చూశానంతే!"

వెర్నా ఏడ్చింది. ఏడుస్తూనే పద్ధతంతా చెప్పింది.

ఓరిన్ తిరిగొచ్చాక ప్రతి వరుసలోనూ తట్టు వినిపించేది.

"నువ్వేనా, ఓరిన్?"

"నేను కాక మీ ఆయనా? ఇంకెన్నిసార్లు అడుగుతావు?"

ఆగస్టులో మనవరాలి బాప్తిజమని ఓరిన్ రాలేదు. వెర్నా కింది వరుస గాడిలో చెయ్యిపెట్టుకుని ఎదురుచూసింది. తట్టు లేదు. తనకి జోడీ దొరికిందని లుద్విక్ వెళ్ళిపోయాడనుకుంది. ఎవరడిగారు జోడీని అని కోపం కూడా వచ్చింది. ఫోను మోగింది. "తూర్పు జట్టు నాలుగు."

లేచి చుట్టూ తిరిగి వెళ్ళి, లుద్విక్ బల్లమీద కూర్చుంది. నాలుగు రేకు తీసుకుంది. అవతల తన చోటు ఖాళీయే అయినా, అలవాటు చొప్పున అడ్డచెక్క మీద రెండుసార్లు తట్టింది.

గాడిలోంచి ఒక చెయ్యి నెమ్మదిగా వెనక్కి జరిగింది.