ఒళ్లో కట్టిన చేతులు

నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. ఉండుంటే నాకున్న సరదాకి ఇంట్లో కంటిమీద కునుకు పట్టేది కాదు. నేను సేకరించేది చనిపోయినవాళ్ళ పాత ఫోటోలు. "బతికున్నదాన్ని, నా ఫోటో ఒక్కటి గోడకి పెట్టారా?" అని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది.

మన్యం కొండల్లో ఒకప్పుడు చాలామందికి మొదటి ఫోటో, చివరి ఫోటో ఒక్కటే. మనిషి పోయాకే ఫోటోగ్రాఫర్‌కి కబురు పెట్టేవారు. శవానికి స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టేవారు. చేతులు జారిపోకుండా గుడ్డపీలికతో ఒళ్లో కలిపి కట్టేవారు.

ముంచింగిపుట్టులో స్టూడియో మూసేస్తున్న ఒక పెద్దాయన దగ్గర అలాంటిదొకటి కొన్నాను. కుర్చీలో చనిపోయిన బాలింత. కట్టిన చేతుల మీదుగా ఆమె గుండెకి ఆనించిన పసిగుడ్డు. నా దగ్గరున్నవాటిలో అదంటే నాకు ప్రాణం. నా బల్ల ఎదురుగానే పెట్టుకుని రోజూ చూసేవాణ్ణి.

కొన్నాళ్ళకి పెద్దాయన ఫోన్ చేశాడు. ఆ పసిగుడ్డు ఇప్పుడు జి.మాడుగుల వైపు కాఫీ పండించుకునే సుందరమ్మ. తల్లి ముఖం ఎరగదు. ఆ ఫోటో ఉందని తెలిసి వెతుక్కుంటూ వచ్చిందట. ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. ఆమె కోసం కాపీ తీయించి, అసలుది చూపించడానికి మాత్రం పట్టుకెళ్ళాను.

సంత రోజు, పట్టపగలు. సుందరమ్మ స్టూడియో అరుగు మీద ఎదురుచూస్తోంది.

"ఒక్కపాలి సూపించండి బాబూ. మాయమ్మ ఎలాగుంటాదో నాకు తెల్దు."

అసలుది చేతికిచ్చాను. చాలాసేపు చూసి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అమ్మ నామీద సెయ్యేసుకునుంది," అంది.

పాపం, చూపు ఆనడం లేదేమో అనుకుని వంగి చూశాను. గుడ్డపీలిక ఊడి తల్లి మోకాలి మీద పడి ఉంది. ఆమె కుడిచెయ్యి బిడ్డ వీపు మీద ఉంది.

గబగబా కాపీ తీసి పక్కన పెట్టాను. అందులో చేతులు కట్టే ఉన్నాయి. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని రెండూ వెలుగులోకి పట్టుకెళ్ళి చూశాడు.

"ఆ ముడి నేనే ఏసేను బాబూ. తీసింది ఒక్క ఫోటోయే," అన్నాడు. భయపడ్డాడని గొంతులో తెలిసిపోయింది.

అసలుది ఆమెకే ఇచ్చేశాను. ఇంకెలా ఉంచుకుంటాను? కాపీ నా దగ్గరుంది. ఎన్నిసార్లు చూసినా ఆ ముడి అలాగే ఉంది. అసలుదాంట్లో ఎలా వీడిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

సుందరమ్మకి మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. తల్లి బిడ్డను పట్టుకుంది, అంతే.