బయటి టైము లేని మనిషి

తెలంగాణ రావడానికి ఏడాది ముందు సంగతి. మంచిర్యాలలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే నా బిడ్డ, గోదావరిఖనిలోని మా క్వార్టర్‌లో కూర్చుని ప్రోగ్రాం రాస్తోంది. బొగ్గుబాయిలోకి ఎవరు దిగారో, ఎవరు పైకొచ్చారో తెర మీద చూపించే ప్రోగ్రాం. సాయంత్రంలోగా పంపాలి.

నేను బొగ్గుబాయిలో పనిచేసి, నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కనబడింది చదవకుండా ఉండలేను. తెర మీద మీసాల బ్రాకెట్లు, వాటి మధ్య ఒక్కో మనిషి పేరు, దిగిన టైము, బయటి టైము.

"ఇదేంది బిడ్డా?"

"జేసన్ అంటరు బాపూ. ఉత్త రాత. నా కోడ్ దీన్ని చదివి ఒక్కొక్కర్ని ఆబ్జెక్టుగ, అంటే అరలున్న పెట్టె లెక్క, చేస్తది. ఎవరికి ఏ వివరం వస్తే దానికి అప్పటికప్పుడు ఓ అర పుట్టిస్తది. రెడీమేడ్ కోడ్‌ల అందరికీ ఒక్కటే కొలత, అరలన్నీ ముందే ఉంటయి. అందుకే సొంతంగ రాసిన."

వేలు పెట్టి చదివాను. ఆ ఉత్త రాతలో ఒకతనికి బయటి టైము లేదు. కోడ్ తయారుచేసినదాంట్లో మాత్రం ఉంది.

"ఇది ఏడికెళ్లి వచ్చింది?"

"టైము లేకపోతే ప్రోగ్రాం ఆగిపోతది. షిఫ్టు అయిపోయే టైము ఏసుకొమ్మని రాసిన. షిఫ్టు అయినంక లోపల ఎవడుంటడు?"

"నేనున్న."

ఆ సంగతి తనకు ఎన్నడూ చెప్పలేదు. మా రోజుల్లో దిగేముందు ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళు పలకకు తగిలించి, పైకొచ్చాక తీసుకునేవాళ్ళం. బిళ్ళ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టే. ఒకరోజు పైకప్పు కూలి, దారి మూసుకుపోయి, నేను అవతల చిక్కాను. పక్క క్వార్టర్ అతను మంచివాడే. నేను ముందే వెళ్ళిపోయి బిళ్ళ మరిచాననుకుని, తనదాంతో పాటు నాదీ తీసుకున్నాడు. నేను దీపం అయిపోకుండా ఆర్పుకుని, పైకి వినబడాలని రాయితో నీళ్ళ పైపును కొడుతూ కూర్చున్నాను. వెతుకుతున్నారన్న ధైర్యం. పలక మీద బిళ్ళ లేదు గనుక ఎవరూ వెతకడం లేదు. అతను బిళ్ళ తెచ్చి నా భార్య చేతిలో పెడితే, "మనిషేడి అన్నా?" అని అడిగిందట. అప్పుడు బాయి దగ్గరికి ఉరికారు.

బిడ్డ, షిఫ్టు టైము ఏసుకొమ్మని రాసిన వరుస తెరిచింది.

"షిఫ్టు అయినంక కూడ ఎవరో లోపలున్నట్టు ఎరుపు కనబడితే మా ఆఫీసు సారు తిడ్తడు బాపూ."

"తిట్టనీ. తిట్లు పడి ఇంటికైతే వస్తవు గద."

ఆ వరుస కొట్టేసింది. టైము రాకపోతే ఆ అరే పుట్టొద్దని రాసింది. అతని పేరు పక్కన ఎర్రగా 'లోపల' అని వచ్చింది.

"పరీక్షకు నేనే పెట్టిన పేరు బాపూ, ఉత్తుత్తి మనిషి. లే, చాయ్ తాగుదాం."

తెలుసు. అయినా లేవలేదు.

"ఆయన్ని పైకి తే. తాగుదాం."

బిడ్డ నవ్వలేదు. మళ్ళీ కూర్చుని, అతనికి బయటి టైము కొట్టింది.