వాషింగ్ మెషిన్‌కు బొట్టు

దసరా వెళ్లినప్పటి నుంచి మా వాషింగ్ మెషిన్ తనకు బుద్ధి పుట్టినప్పుడే తిరుగుతోంది. ఈ రోజు, ఏడుపాయల గుడికి వెళ్లొచ్చిన బట్టలన్నీ కడుపులో పెట్టుకుని మళ్లీ మొరాయించింది. సాయంత్రం చౌరస్తా నుంచి మెకానిక్‌ను పిలిపించాను. అతను స్టార్ట్ బటన్ ఊడదీసి, లోపలి నుంచి ఎర్రటి పొడి గీకి చూపించాడు.

"పండుగకు బటన్ మీదనే బొట్టు పెట్టిండ్రా అమ్మా? కుంకుమంత లోపల గడ్డకట్టింది."

మా అత్తమ్మ తడుముకోలేదు. "మరేడ పెట్టాలె బిడ్డా? దానికి నొసలు గదే గద."

అతను నవ్వుకుంటూ శుభ్రం చేసి వెళ్లాడు. మెషిన్ బుద్ధిగా తిరిగింది. ఆ సంతోషంలో అత్తమ్మ మళ్లీ కుంకుమ భరిణ పట్టుకొచ్చింది. మీ ఇళ్లలో మెషిన్‌కు బొట్టు ఎక్కడ పెడతారో త్వరగా చెప్పండి, ఇప్పటికే భరిణ మూత తీసింది.