అత్తమ్మ కొన్న కాఫీ మిషన్

ముసురు పట్టిన ఒక పొద్దుగాల, మంచిర్యాలల నా కాఫీ దుకాణం షట్టరు లేపుతుంటే బాపు ఫోన్ చేసిండు. ఎప్పుడైనా "తిన్నవా బిడ్డా" అనే మొదలుపెడ్తడు. ఆ రోజు అది అడగలే. "అత్తమ్మ పోయింది బిడ్డా. నిద్రలనే పోయింది," అన్నడు. లేపిన షట్టరు మళ్ల దించి లక్సెట్టిపేట బస్సెక్కిన.

అత్తమ్మ అంటే మా మేనత్త, బాపుకు అక్క. పెండ్లి చేసుకోలే. నెలలు నిండకుండ పుట్టిన పిల్లల వార్డుల నర్సుగ పనిచేసింది. రిటైరైనంక మా ఇంటికి దగ్గర్లనే, చర్చి వెనుక చిన్న ఇల్లు కట్టుకొని ఒక్కతే ఉండేది. చేతి గడియారం మణికట్టు లోపలికి తిప్పి పెట్టుకునేది. ఎవరింట్ల పసిపిల్లకు నీళ్లు పోస్తున్నా పోయి బకెట్ల మోచెయ్యి ముంచి చూసేది. చర్చిల అందరికన్నా జర ముందే పాట ఎత్తుకునేది. పాస్టరయ్య చెప్పి చెప్పి, చివరికి ఆయనే ఆమె వెనుక పాడుడు నేర్చుకున్నడు.

ఆమె మా అందరికీ అత్తమ్మనే గని, నాకు నిజంగ దగ్గరైంది నా కాపురం చెడినంక. హైదరాబాదు నుంచి ఒక్క బ్యాగు తోని అవ్వ బాపుల ఇంటికి వచ్చిన. ఏమైంది, ఆయన ఏమన్నడు, నువ్వేమన్నవ్ అని అడగని మనిషి లేడు. చర్చికి పోవుడు బంద్ చేసిన. బట్టలు ఆరేసేటందుకు కూడా మిద్దె మీదికి ఎక్కకపోదును. తలుపు దగ్గరికి వేసుకొని గోడ దిక్కు తిరిగి పండుకునేదాన్ని.

ఒకరోజు అత్తమ్మ వచ్చి నా మంచం మీద కూసున్నది. ఏమైందని అడగలే. తన ఫోన్ నా చేతుల పెట్టింది.

"నాకొక కాఫీ మిషన్ కొనాలె. ఏది మంచిదో చూసి చెప్పు."

"ఏం కాఫీ?"

"ఎస్ప్రెసో. చర్చి మీటింగుకు బెంగళూరు పోయినప్పుడు, నాతోని నర్సింగ్ చదివినామె వాళ్లింట్ల చేసిచ్చింది. చిన్న కప్పుల గింతనే పోసింది. చేదుంటదనుకున్న పిల్లా, మస్తు కమ్మగుండె."

"గీ వయసుల గదంతా ఎందుకు అత్తమ్మా?"

"మరి ఏ వయసుల తాగాలె?"

మాది చాయ్ తాగే ఊరు. కాఫీ అంటే చుట్టాలొస్తే పాలల్ల పొడి కలిపిచ్చేటిది. ఎస్ప్రెసో సంగతి నాకూ తెల్వదు. అయినా ఆమె పోయినంక ఫోన్ తీసి చదువుడు మొదలుపెట్టిన. చాలా రోజుల తర్వాత నా గురించి కాకుండ వేరేదాని గురించి ఆలోచించిన రోజు అది.

ఇద్దరం కరీంనగర్ పోయినం. పెద్ద దుకాణం. సేల్స్ పిలగాడు ఒక ఎర్ర మిషన్ ముందుకు జరిపి, "ఇరవై బార్ల ప్రెషర్ మేడం," అన్నడు.

నేను చదివిన కాడికి కాఫీకి తొమ్మిది బార్లయితే చాలు. ముఖ్యంగ చూడాల్సింది నీళ్ల వేడి అని రాసి ఉండె. అదే అత్తమ్మ చెవుల చెప్పిన.

"నీళ్లు ఎంత వేడైతయి నాయనా?" అని అడిగింది.

"మస్తు వేడైతయి మేడం."

"మస్తంటే ఎంత?"

ఆ పిలగాడు నవ్విండు. "నిజం చెప్పాల్నంటే నాకు తెల్వదు మేడం. నేను చాయే తాగుత."

"ఇంకో రెండు రోజులు చూసి కొందాం అత్తమ్మా," అన్న.

"ఎర్రగ ఎంత ముద్దుగున్నదో చూడు," అని అత్తమ్మ అదే కొన్నది.

అత్తమ్మ ఇంటికొచ్చి చేస్తే మొదటి కప్పు చింతపులుసు తీరు పుల్లగ వచ్చింది. ఆవిరి గొట్టంతోని పాలు నురగ తీసి వెంటనే ఇంకో కప్పు పడితే మాడు వాసన, చేదు. బాపు ఒక్క గుటక తాగి, "అక్కా, ఇది ఏం రోగానికి మందు?" అన్నడు. గింజలు అవే, పొడి అదే, చెయ్యి అదే. ఒక్కో కప్పు ఒక్కో తీరు.

నీళ్లల్ల వేడి తక్కువైతే పొడిలోని పులుపు మాత్రమే దిగుతదట, ఎక్కువైతే చేదంతా దిగుతదట. తొంభై రెండు, తొంభై మూడు డిగ్రీల కాడ ఉంటే తీపి, పులుపు, చేదు మూడూ కుదురుతయట. నేను చదివింది చెప్తే అత్తమ్మ వంటింటి థర్మామీటర్ తెచ్చి కప్పుల పెట్టింది. కాఫీ పొడి లేకుండ వట్టి నీళ్లే పట్టినం. మొదటిసారి వేడి చాలలే. రెండోసారి ఎక్కింది. మూడోసారి మళ్ల దిగింది. ఆవిరి తీసినంక పడితే నీళ్లు చిటపటమని ఎగిరినయి.

అత్తమ్మ కండ్లద్దాలు సవరించుకొని థర్మామీటర్ చూసింది. "ఒక్కసారి చూస్తే జ్వరం తెల్వదు పిల్లా," అన్నది. "ఎక్కుతుందా, దిగుతుందా, నిలుస్తుందా... అది చూడాలె."

లోపల ఒక స్విచ్ ఉంటదని, నీళ్లు బాగ కాగినంక ఆపేస్తదని, బాగ చల్లారినంక మళ్ల పెడ్తదని, ఆ నడుమ వేడి ఊగుతుంటదని చెప్పిన.

"మా వార్డుల పసిపిల్లలను పండవెట్టే వెచ్చటి పెట్టె గట్ల ఉండకపోవు," అన్నది. "పిల్ల ఒంటి వేడి చూసుకుంట, జర తగ్గితే జరంత, ఇంకా తగ్గితే ఇంకొంత వేడి ఇచ్చేది. ఒక్కసారే మండించి, ఒక్కసారే ఆర్పితే పిల్ల బతకదు."

నేను ఎగిరి లేచిన. "గసుంటి కాఫీ మిషన్లు కూడ ఉన్నయి అత్తమ్మా! పీఐడీ అంటరు. చదివిన గని నాకు సమజ్ కాలే."

ఆ మాట అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగ వినిపించింది. అవ్వ తలుపు కాడ నిలబడి నన్నే చూస్తుండె.

అయినా ఆమె ఎర్రదాన్ని వెంటనే పక్కకు పెట్టలే. "ఉన్నదానితోని ఎంత మంచిగ చెయ్యొచ్చో ముందు చూద్దాం," అన్నది. రోజూ పొద్దుగాల అత్తమ్మ ఇంటికి పోవుడు అలవాటైంది. మిషన్ పెట్టి, అది మొత్తం వెచ్చబడేదాక ఆగేటోళ్లం. పొడి వేసే పిడి గిన్నెకూ కప్పుకూ వేడి తగిలేటట్టు వట్టి నీళ్లు ఒకసారి వదిలేటోళ్లం. కాఫీ ముందు, పాలు తర్వాత. ఇంకో కప్పు కావాల్నంటే చిటపట ఆగేదాక నీళ్లు పారబోసేటోళ్లం. కాఫీ కుదరకుంటే అత్తమ్మ పరేషాన్ కాకపోవు. సింకుల పోసి, "మళ్ల పెట్టు," అనేది. చర్చి ముందటి నుంచి పోయేటప్పుడు ఎవరు చూస్తుండ్రో అనే ఫికర్ మెల్లగ మరిచిపోయిన.

రెండో మిషన్ కొనేటప్పుడు నేను కాఫీకొకటి, పాల ఆవిరికొకటి రెండు బాయిలర్లున్నది చూపించిన. "గది హోటలోళ్లకు పిల్లా. ఒకేసారి కాఫీ, పాలు రెండూ కావాల్నని మనల్ని ఎవరు తరుముతుండ్రు?" అన్నది. ఒకే బాయిలర్, ముందర డిగ్రీలు కనిపించే చిన్న అద్దం, మనకు కావాల్సిన వేడి మనమే పెట్టుకునే బటన్లు ఉన్న పీఐడీ మిషన్ తీసుకున్నం. మా ఊర్ల కరెంటు ఊగులాడుతదని స్టెబిలైజర్ కూడ పెట్టింది. బాగ వేయించిన నల్ల గింజలకు వేడి జర తగ్గించి, లేతగ వేయించినవాటికి జర పెంచి రుచి చూసేది. మంచిగ కుదిరితే కండ్లు మూసుకొని, "గిదే... బెంగళూరుల గిదే," అనేది. ఎర్రదాన్ని బాపుకు ఇచ్చింది. ఆయన అందుల వేడి నీళ్లు పట్టుకొని చాయ్ చేసుకున్నడు.

ఒక ఆదివారం మా ఆయన మేనమామ, ఇంకిద్దరు పెద్దమనుషులు కరీంనగర్ నుంచి వచ్చిండ్రు. జరిగిందేదో జరిగింది, పిల్లను పంపుమన్నరు. సర్దుకపోవాలన్నరు. నేను ఇంట్ల ఉంటే నా చెల్లె పెండ్లికి అడ్డమన్నరు. బాపు తల వంచుకొని వింటుండు. ఒప్పుకునేటట్టే ఉండె.

అత్తమ్మ అడిగింది: "అందరు మాట్లాడుతుండ్రు. పిల్లను అడిగిండ్రా?"

"ఆడపిల్లను ఏం అడుగుతం అమ్మా, పెద్దోళ్లం మనం ఉన్నం గదా," అన్నడు మేనమామ.

"అయితె నేను అడుగుత." కుర్చీ నా దిక్కు తిప్పుకున్నది. "నీకు పోవాల్నని ఉన్నదా బిడ్డా?"

లేదని తల ఊపిన.

"జర గట్టిగ చెప్పు. ఎవ్వరి ఫికర్ చెయ్యకు."

"నేను పోను," అన్న.

బాపు తల ఎత్తి నన్ను చూసిండు. తర్వాత వాళ్ల దిక్కు తిరిగి, "నా బిడ్డ పోదు," అన్నడు. అత్తమ్మ ఆ తర్వాత ఆ రోజు సంగతి నా ముందర ఎన్నడూ తియ్యలే.

మంచిర్యాల బస్టాండు దిక్కు చిన్న కాఫీ దుకాణం పెడతనంటే, అవ్వ భయపడ్డది. అత్తమ్మ మాత్రం, "చాయ్ కూడ పెట్టు," అన్నది. "వచ్చినోళ్లు చాయ్ అడిగితే కాఫీ గొప్ప చెప్పకు. వాళ్లకు ఏం కావాల్నో గదే ఇయ్యి." ఇయ్యాల నా దగ్గరికి వచ్చేటోళ్లల్ల సగం మంది చాయ్‌కే వస్తరు. వాళ్లల్లనే కొందరు మెల్లగ, "ఆ చిన్న కప్పుది ఏందక్కా?" అంటరు.

ఆమెను మట్టి చేసిన రోజు చెన్నూరు దిక్కు నుంచి కూడ జనం వచ్చిండ్రు. నాకు తెల్వని తల్లులు, పెద్దగైన పిల్లలను చేయి పట్టుకొని తెచ్చిండ్రు. ఆ తర్వాత దుకాణం మళ్ల తెరిచిన. మొన్న బాపు ఫోన్ చేసి, అత్తమ్మ ఇంట్ల నిలబడ్డనని, ఆ మిషన్‌కు వేడి నంబర్ ఎంత మీద పెట్టాల్నని అడిగిండు. తొంభై మూడన్న. ఫోన్ల నీళ్లు కాగే సప్పుడు ఇద్దరం విన్నం.

నా కండ్లల్ల నిలిచింది మాత్రం ఆమె ఆఖరుసారి దుకాణానికి వచ్చిన పూట. సన్నటి తుంపర పడుతుంది. బయటి కుర్చీల కూసుండి పోయేటోళ్లను, వచ్చేటోళ్లను చూస్తుంది. ఆమె ఎవరో తెల్వని ఇద్దరు కాలేజీ పిల్లలు కప్పులు పట్టుకొని నవ్వుకుంట వచ్చి, "అమ్మమ్మా, మాకు జర ఒక ఫొటో తీస్తవా?" అన్నరు. అత్తమ్మ లేచి ఫోన్‌ను రెండు చేతులతోని పట్టుకున్నది. ఇద్దరూ ఫొటోల పట్టలేదని ఒక అడుగు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసింది, దుకాణం రేకు కింది నుంచి బయటికి, వానలకు. చీర భుజం తడుస్తుంటే, "దగ్గరికి జరుగుండ్రి, ఇంకా దగ్గరికి," అంటనే ఉన్నది.